విమానములు చేసిన చేతులు

పై తరగతిలో నేను విమానము ఎగురు విధమును బోధించి ముగించితిని. రెక్క పైనను క్రిందను గాలి పీడనములో కలుగు భేదము, ఆ భేదమువలన పుట్టు ఉత్థాపక బలము, రైటు సోదరులు 1903లో చేసిన ప్రయత్నము, అన్నియు నల్లబల్లపై వ్రాసి చూపితిని. వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, విమానం ఎలా ఎగురుతుందో చెప్పారు గాని, దాన్ని ఎవరు చేస్తారో చెప్పలేదు. వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?” అని అడిగినాడు. తరగతిలో కొందరు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము మన పాఠ్యగ్రంథములలో లేదు.

విమానమును చిత్రించినవాని పేరు చరిత్రలో నిలుచును, నడిపినవాని పేరు పత్రికలలో వచ్చును. దాని రేకును వంచినవాడు, రివెట్టు వేసినవాడు, వేసిన రివెట్టును పరీక్షించి సంతకము చేసినవాడు ఎవరికిని తెలియరు. వేల అడుగుల ఎత్తున ప్రయాణీకుల ప్రాణములు ఆ తెలియనివారి చేతిపనిపై ఆధారపడి యుండును. మన దేశములో అట్టి చేతులు ఎట్లు తయారైనవో తెలిసికొనుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

బెంగుళూరులో తొలి పాఠము

రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమగు నాటికి మన దేశములో విమానములు నడుపువారు కొందరుండిరి. వానిని మరమ్మతు చేయువారును కొందరుండిరి. కర్మాగారము పెట్టి విమానములను నిర్మించువారు లేరు. ఓడల వ్యాపారములో పేరుపొందిన వాల్‌చంద్ హీరాచంద్ ఈ లోపమును తీర్చ సంకల్పించి, చైనాలో విమాన కర్మాగారమును నడిపిన అనుభవముగల విలియం పాలే అను అమెరికనుతో ఒప్పందము చేసికొనెను. మైసూరు సంస్థానము స్థలమును, కొంత మూలధనమును ఇచ్చుటకు ముందుకు వచ్చెను. అప్పటి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ ఈ పనికి ఎంతయో తోడ్పడెను. 1940 డిసెంబరులో బెంగుళూరునందు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఏర్పడెను.

బెంగుళూరునకు శివసముద్రము జలపాతమునుండి విద్యుచ్ఛక్తి 1905 నుండియే వచ్చుచుండెను. సైన్సు పరిశోధనకు ప్రసిద్ధమైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆ నగరములోనే కలదు. సముద్రతీరమునకు దూరమగుటచే శత్రుభయము తక్కువ. స్థలము, విద్యుత్తు, విద్యాలయము మూడును సిద్ధముగా నుండెను. విమానపు పని తెలిసిన మనుష్యులు మాత్రము లేరు.

యంత్రములను ఓడలలో తెప్పించవచ్చును. పాలేతో కూడ వచ్చిన అమెరికను సాంకేతికులు కొద్దిమందియే. వారు ప్రతి పనిని తమ చేతులతోనే చేయజాలరు. కనుక అంతకుముందు లేతు, ఆకురాయి, సుత్తి పట్టిన మన పనివారినే తీసికొని, వారికి విమానపు పనిని నేర్పవలసి వచ్చెను. కంపెనీ మొదట చేపట్టినది హార్లో అను చిన్న శిక్షణ విమానము. అది 1941లో ఎగిరెను. మరుసటి యేడు, 1942 జూలైలో, కర్టిస్ హాక్ అను యుద్ధవిమానము ఎగిరెను. ఇవి అమెరికాలో చిత్రింపబడినవి, వాని భాగములలో పెక్కు అక్కడనుండి వచ్చినవే. అయినను వానిని కూర్చిన చేతులు మనవి.

రివెట్టులోని విజ్ఞానము

“రేకులు కూర్చుటలో అంత గొప్పతనమేమి?” అని కొందరు అడుగవచ్చును. ఒక చిన్న ఉదాహరణముతో దీనిని పరిశీలింతము.

విమానపు శరీరమునకు వాడునది శుద్ధ అల్యూమినియము కాదు. అది మిక్కిలి మెత్తన. దానిలో సుమారు నూటికి 4 పాళ్లు రాగిని, కొలదిగా మెగ్నీషియమును కలిపి చేసిన మిశ్రలోహమును వాడుదురు. దీని మర్మమును 1906లో జర్మనీ దేశపు ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనుగొనెను. ఆయన ఈ లోహమును బాగుగా కాచి, నీటిలో ముంచి చల్లార్చి, దాని కాఠిన్యమును కొలిచెను. విశేషమేమియు కనబడలేదు. రెండు దినములు గడచిన పిదప అదే ముక్కను మరల కొలువగా, అది ఎవరును తాకకుండగనే గట్టిపడి యుండెను!

దీనికి కారణము తరువాతి కాలమున తెలిసినది. సుమారు 500 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో రాగి పరమాణువులు అల్యూమినియములో కరగి కలిసియుండును. ఒక్కుమ్మడిగా చల్లార్చినపుడు అవి బయటికి వచ్చుటకు వ్యవధి లేక ఉన్నచోటనే చిక్కుకొనును. పిదప అవి మెల్లమెల్లగా కదలి, అతి సూక్ష్మమైన గుంపులుగా చేరును. లోహము వంగవలెనన్న దానిలోని పరమాణువుల పొరలు ఒకదానిపై నొకటి జారవలెను. ఈ గుంపులు దారిలో రాళ్లవలె అడ్డుపడి ఆ జారుటను ఆపును. కనుక లోహము గట్టిపడును.

ఇప్పుడు రివెట్టు వేయు పనివాని సంగతి చూడుడు. గట్టి మిశ్రలోహపు రివెట్టును కాచి చల్లార్చిన వెంటనే వేయవలెను. అప్పుడది మెత్తగా నుండి, తల చక్కగా పరచుకొనును. ఆలస్యమైనచో గట్టిపడి, సుత్తి దెబ్బకు చిట్లును. ఆ చిట్లు కంటికి కనబడకపోవచ్చును. కనుక అట్టి రివెట్లను చల్లార్చిన తోడనే మంచుపెట్టెలో నుంచుదురు; చల్లదనములో పరమాణువుల కదలిక మందగించును గదా! బయటికి తీసినది మొదలు పనివానికి లభించునవి కొద్ది నిమిషములు మాత్రమే. ఆ గడువు దాటిన రివెట్టును అతడు వాడరాదు, మరల కాచుటకు పంపవలెను. అది గడువు దాటినదని చూచినంత మాత్రమున ఎవరును గుర్తింపలేరు. ఆ సంగతి ఆ పనివానికి ఒక్కనికే తెలియును.

లిబరేటరు అను పెద్ద బాంబరు విమానమునకు మూడు లక్షలకు పైగా రివెట్లు పట్టును. ఒక్కొక్క రివెట్టునకు ఇద్దరు మనుష్యులు కావలెను. ఒకడు బయటినుండి గాలిసుత్తితో కొట్టును, రెండవవాడు లోపల ఇనుపదిమ్మెను ఆనించి పట్టును. మధ్య రేకు అడ్డముండుటచే ఒకరికొకరు కనబడరు, సుత్తి రొదలో మాట వినబడదు. రేకుపై తట్టి సంజ్ఞలు చేసికొందురు. సుత్తి ఒక క్షణము ఎక్కువగా పనిచేసినచో రేకు నొక్కుకొని పోవును, తక్కువైనచో రివెట్టు వదులుగా నుండును. ఇట్టి పనికి మణికట్టు నేర్పరితనము, పరమాణువుల కథ రెండును కావలెను. అంతకుమించి, ఎవరును చూడని చోట తప్పును తానే ఒప్పుకొను నిజాయితీ కావలెను. విమాన పరిశ్రమలో శిక్షణ యనగా ఈ మూడును కలిసినదే.

కాన్పూరులోని లిబరేటర్లు

1942లో భారత ప్రభుత్వము కర్మాగారము నిర్వహణను తన చేతిలోనికి తీసికొనెను. 1943లో అది అమెరికను సైన్యపు వైమానిక దళము వశమై, యుద్ధము ముగియువరకు పెద్ద మరమ్మతు కేంద్రముగా నుండెను. క్రొత్త విమానముల నిర్మాణము ఆగిపోయినదని ఆనాడు విచారించినవారు కలరు. ఆ విచారము సహేతుకమే. అయినను దానివలన మరియొక లాభము కలిగెను. పలువిధములైన విమానములు దెబ్బతిని వచ్చుచుండగా, వేలాది మన పనివారు వానిని విప్పి, లోపమును కనిపెట్టి, మరల బిగించుట నేర్చిరి. క్రొత్తదానిని కూర్చునపుడు పటములో నున్నట్లు చేసిన చాలును. పాడైనదానిని బాగుచేయువాడు అది ఎట్లు పాడైనదో ఊహింపవలెను.

ఈ విద్య ఎంత అక్కరకు వచ్చినదో యుద్ధానంతరము తెలిసెను. అమెరికా ఎరువుగా ఇచ్చిన లిబరేటర్లు అనేకము కాన్పూరులో నిలిచిపోయినవి. ఒప్పందము ప్రకారము వానిని తిరిగి ఇచ్చివేయవలెను, లేదా పనికిరాకుండ చేయవలెను. కనుక వానిని బుద్ధిపూర్వకముగా పాడుచేసి వదలివేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన వైమానిక దళమునకు పెద్ద బాంబర్లు కావలసివచ్చెను. కొనుటకు ధనము చాలదు. అప్పుడు బెంగుళూరు పనివారు కాన్పూరునకు పోయి, ఆ శిథిలములలో బాగుపడదగినవానిని ఏరి, ఒక్కమారు ఎగురుటకు చాలినంత మరమ్మతు చేసిరి. కంపెనీ పైలటు కెప్టెన్ మున్షీ వానిని బెంగుళూరునకు ఎగురవేసికొని వచ్చెను. అక్కడ వానిని పూర్తిగా పునర్నిర్మించిరి. ఈ విధముగా సుమారు 40 విమానములు 1948 నుండి మన దళములో చేరి, 1960 తరువాత కూడ చాలకాలము సేవచేసినవి.

పారవేసినదానిని ఎగురజేసిన ఆ చేతులకు పట్టాలు లేవు. వారి విద్యాలయము ఆ మరమ్మతు షెడ్డే.

రైలు పెట్టెలు కట్టిన కాలము

యుద్ధము ముగిసినది. అమెరికనులు వెడలిపోయిరి. విమానముల పని తగ్గెను. ఇంతమంది నేర్పరులను ఏమి చేయవలెను? పని లేదని పంపివేసినచో, మరల కావలసినపుడు వారు దొరకరు. దొరకినను అప్పటికి వారి చేయి మొద్దుబారి యుండును. ఈ చిక్కునకు కంపెనీ కనుగొన్న ఉపాయము విమానములతో సంబంధము లేనట్లు కనిపించును. వారు ఇనుప రైలు పెట్టెలను, బస్సుల శరీరములను కట్టనారంభించిరి!

విమాన కర్మాగారములో రైలు పెట్టెలేమని నవ్వినవారు ఉండవచ్చును. కాని రేకు కోయుట, వంచుట, రివెట్టు వేయుట, కొలతలు తప్పక కూర్చుట అను పనులు రెంటికిని సమానమే. చేయి ఆడుచుండినది, కూలి నిలిచినది, జట్టు చెదరలేదు. రైలు పెట్టెల విభాగము తరువాత 1964లో స్థాపింపబడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థకు చేరెను. నేర్పు చెరువులోని నీరువంటిదని నాకు తోచును. వాన లేని నెలలలో గట్టును కాపాడినవానికే వచ్చే పంటకు నీరుండును.

తరగతి గదియు, కర్మాగారమును

పనివారు తయారగుచుండిరి. మరి విమానమును క్రొత్తగా చిత్రింపగల ఇంజనీర్లు? ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1942 డిసెంబరునందు విమాన సాంకేతిక శాఖ ప్రారంభమయ్యెను. దానిలో బోధించినవారిలో ముఖ్యుడు విష్ణు మాధవ ఘాటగే. ఆయన జర్మనీలోని గోటింగెనులో, గాలి ప్రవాహ శాస్త్రమునకు పితామహుడనదగిన ప్రాంట్‌లు వద్ద పరిశోధన చేసినవాడు. ఘాటగే తరగతి గదికే పరిమితుడు కాలేదు. హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో ఆయన నాయకత్వమున చిత్రింపబడిన హెచ్.టి.-2 అను శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఎగిరెను. ఇది స్వతంత్ర భారతములో మనవారు చిత్రించి మనవారే నిర్మించిన విమానము. ఇట్టివి 150కి పైగా తయారైనవి. మన పైలట్లలో అనేకులు తొలి పాఠమును దీనిలోనే నేర్చిరి.

1949లో మద్రాసు చెంత క్రోంపేటలో సి. రాజం స్థాపించిన మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కూడ విమాన ఇంజనీరింగును బోధింపసాగిరి. అక్కడ చదివిన అబ్దుల్ కలాం, చదువు పిమ్మట బెంగుళూరు కర్మాగారములో శిక్షణ పొందెను. ఇంజన్లను విప్పి బాగుచేయు పనిలో నూనె చేతులతో పాల్గొనెను. అంతకు పూర్వమే సతీష్ ధావన్ అమెరికాకు పైచదువులకు పోకముందు ఇదే కర్మాగారములో ఒక సంవత్సరము గడపెను. ఆయన 1951లో తిరిగి వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అధ్యాపకుడై, శబ్దవేగమును మించిన గాలి ప్రవాహములను పరీక్షించు వాయుసొరంగమును విద్యార్థులతో కలిసి నిర్మించెను. ఉపకరణమును కొనుటకన్న నిర్మించుటలో ఎక్కువ విద్య కలదని ఆయన పద్ధతి తెలుపుచున్నది.

శిక్షణ ప్రభుత్వ విధానములోనికి కూడ వచ్చెను. 1950లో చేతిపనుల శిక్షణ పథకము ఆరంభమై, దేశమంతటను ఐ.టి.ఐ.లు వెలసినవి. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. దాని ననుసరించి, పరిశ్రమలు కొందరు యువకులను చేర్చుకొని భృతి యిచ్చి పని నేర్పవలసి యుండును.

మారుతము నేర్పిన పాఠము

1956లో కుర్ట్ టాంక్ అను ప్రసిద్ధ జర్మను విమాన శిల్పి బెంగుళూరునకు వచ్చెను. ధ్వనివేగమునకు పోటీపడు జెట్ యుద్ధవిమానమును నిర్మించుట ఆయనకు అప్పగించిన పని. అప్పటికి అక్కడి చిత్రణ విభాగము చాల చిన్నది. అనుభవముగల పెద్ద ఇంజనీర్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆయన వెంట వచ్చిన జర్మనులు కొద్దిమంది. కనుక ఒక్కొక్క బల్లవద్ద మన యువకులు వారి ప్రక్కన కూర్చుండి, గీయుచునే నేర్చిరి.

ఆ బృందము మొదట ఇంజను లేని కొయ్య విమానమును, అసలు దాని పరిమాణములోనే చేసెను. దానిని మరియొక విమానముచే ఆకాశమునకు లాగించి విడిచెడివారు. 1959 నుండి అది 78 మారులు ఎగిరెను. దీనివలన తక్కువ వేగములో విమానపు నడక తెలిసెను; పైలట్లకును, కొలతలు తీయు ఇంజనీర్లకును అభ్యాసమయ్యెను. 1961 జూన్ 17న సురంజన్ దాస్ నడుపగా హెచ్.ఎఫ్.-24 మారుత్ తొలిసారి ఎగిరెను.

తగిన ఇంజను దొరకక మారుత్ అనుకొన్న వేగమును అందుకొనలేదు. టాంక్ 1967లో వెడలిపోయెను. సుమారు 147 విమానములతో దాని నిర్మాణము ముగిసెను. కిరణ్ అను జెట్ శిక్షణ విమానము 1964లోను, ధ్రువ్ హెలికాప్టరు 1992లోను ఎగిరినమాట నిజమే. కాని మన దేశములో చిత్రింపబడిన తరువాతి జెట్ యుద్ధవిమానము, ఇప్పుడు తేజస్ అని పిలువబడునది, ఎగిరినది 2001 జనవరి 4న. మధ్యలో నలుబది యేండ్లు!

ఈ లెక్కను విద్యార్థులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. మారుత్ పటములు గీయునపుడు 25 యేండ్లున్న యువకుడు, తేజస్ ఎగురునాటికి 65 యేండ్ల వృద్ధుడు. అతడు ఉద్యోగము విడిచి కొన్ని యేండ్లు గడచియుండును. అతనికి తెలిసినదానిలో పటములలోనికి ఎక్కినది మిగిలినది. చేతిలో నున్నది చాలవరకు అతనితోనే పోయినది. రైలు పెట్టెలు కట్టి పనివారిని కాపాడుకొన్న సంస్థయే, చిత్రకారుల విషయములో ఆ పరంపరను నిలుపలేకపోయినది. గురువు వెడలకముందే శిష్యుడు పని ఆరంభింపవలెను. ఒక తరము పనిలేక గడచినచో తరువాతి తరము మరల ఓనమాలు దిద్దవలసినదే.

తుంబా నుండి శ్రీహరికోటకు

రాకెట్ల కథలో ఈ పాఠము మనకు కొంత ఒంటబట్టినది. 1963లో కొద్దిమంది భారతీయ యువ ఇంజనీర్లు అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, కేరళలోని తుంబా గ్రామమున ఒక చర్చి భవనమును పనిశాలగా చేసికొనిరి. 1963 నవంబరు 21న అక్కడనుండి తొలి రాకెట్టు ఎగిరెను. రాకెట్టు అమెరికాది. దానిని కూర్చి నిలబెట్టినవారు మనవారు.

తరువాతి రంగస్థలము మన తెలుగునాడే. పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమ నున్న శ్రీహరికోట దీవిని 1969లో ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న అక్కడినుండి రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఎగిరెను. అప్పుడు అది నెల్లూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఉపగ్రహమును మోయు మన తొలి వాహనము ఎస్.ఎల్.వి.-3ను 1979 ఆగస్టు 10న ప్రయోగించిరి. రెండవ అంచెలోని నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటము సరిగా మూసికొనక నత్రికామ్లము కారిపోయెను. వాహనము అదుపు తప్పి, 317 సెకండ్లలో సముద్రములో పడెను. నాలుగు అంచెలు, 17 టన్నుల బరువు, ఎన్నో యేండ్ల శ్రమ, అన్నియు ఒక కవాటము వద్ద ఓడిపోయినవి.

ఆనాడు ఇస్రో అధ్యక్షుడైన ధావన్ బృందమును చెదరగొట్టలేదు. పత్రికలవారికి తానే ముందు నిలిచి సమాధానము చెప్పెను. లోపమును వెదకి సరిచేసిన ఆ బృందమే 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అపజయము ఎంత వ్యయముతో కొన్న పాఠమో తెలిసినవాడు ఆ పాఠము నేర్చినవారిని పోగొట్టుకొనడు.

నేటి సంగతి

హైదరాబాదులో 1962 నుండి రక్షణ పరిశోధనాశాలయు, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహములు చేయు మిధానీ వంటి సంస్థలును ఒకదాని వెనుక నొకటి వెలసినవి. సమీపములోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టరుల శరీరములు తయారై 2018 నుండి విదేశములకు పోవుచున్నవి. 2007లో తిరువనంతపురము చెంత అంతరిక్ష విద్యకే ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 2022 నవంబరులో హైదరాబాదు యువకుల కంపెనీ స్కైరూట్ చేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోటనుండి ఎగిరినది. ఈ కర్మాగారములలో కంప్యూటరు యంత్రములు రంధ్రములు తొలుచుచున్నవి, కర్బనపు నూలుపొరలు లోహపు రేకుల స్థానమును కొంత ఆక్రమించుచున్నవి. అయినను పొర వేయునపుడు చిక్కిన ధూళికణమును గమనించి, “ఇది పనికిరాదు, మరల చేయవలెను” అని చెప్పువాడు నేటికిని మనుష్యుడే.

ఉపాధ్యాయ సోదరులకు ఒక్క మనవి. ఈ శిక్షణ పదునెనిమిదవ యేట కర్మాగారపు ద్వారమువద్ద మొదలు కాదు. మన ప్రయోగశాలలో వెర్నియరు కాలిపర్సుతో ఇనుపగుండు వ్యాసమును కొలుచునాడే మొదలగును. పుస్తకములోని జవాబునకు సరిపోవునట్లు అంకెలను దిద్దుకొను బాలుడు ఆనాడే ఒక చెడ్డ అలవాటును నేర్చికొనుచున్నాడు. గడువు దాటిన రివెట్టును వేయుట ఆ అలవాటునకు పెద్ద రూపమే.

వెనుక బల్లపైని విద్యార్థికి ఈ కథనంతయు మరుసటి దినము చెప్పితిని. ఆ వారము ప్రయోగపు తరగతిలో అతని పుస్తకమును చూచితిని. ఐదు కొలతలలో నాలుగు సరిపోయినవి, ఒకటి సరిపోలేదు. సరిపోనిదానిని అతడు కొట్టివేయలేదు. దాని ప్రక్కన, “ఇది ఎందుకు తప్పిందో తెలియలేదు, మళ్లీ కొలవాలి” అని వ్రాసి యుండెను. ఆ పుటకు నేను పూర్తి మార్కులు వేసితిని.